ఎండిన వాగులో రెండు రోజులు
(ప్రయాణానికి ముందు వేసుకోవలసిన లెక్క)

– బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి



"మీ కామారెడ్డి, ఎల్లారెడ్డి దిక్కు గుట్టలు, గుండ్లు, ఎండిన వాగులు తప్ప ఏమున్నయిరా?" అని నా హాస్టల్ మిత్రుడొకడు ఎన్నోసార్లు ఎగతాళి చేశాడు. ఆ మాటకు జవాబుగా వాణ్ణి ఆ ఎండిన వాగులోనే రెండు రోజులు నడిపించాలని అనుకున్నాను. ఆ ప్రయాణానికి మేము రెండుసార్లు ప్లాను వేశాం. మొదటి ప్లాను ఎందుకు తప్పో, రెండవ ప్లాను ఎలా కుదిరిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం. ఇటీవల మన విద్యార్థులలో సెలవు రోజుల్లో వాగులకు, జలపాతాలకు పోయే అలవాటు పెరిగింది కావున ఇది నలుగురికీ పనికివస్తుందని నా ఆశ.

అమెరికాలోని యూటా, అరిజోనా రాష్ట్రాల ఎడారుల్లో నీరు కోసిన సన్నని లోతైన లోయలు వందల కొద్దీ ఉన్నాయి. వాటిలోకి తాళ్ళతో దిగి, నడిచి, ఈది బయటపడే ఆటను అక్కడ కేన్యనీరింగ్ అంటారు. ఐరోపాలో దానినే కేన్యనింగ్ అంటారు. మన తెలుగు నేల మీద అటువంటి లోయ చూడాలంటే కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర గండికోటకు పోవాలి. ఎర్రమల కొండలను పెన్నా నది అక్కడ నిలువుగా కోసింది. మన దగ్గర అంత లోతు లేదు. కాని గుట్టల నడుమ ఇరుకు ఒర్రెలు, ఇంటంత గుండ్లు, వాటి మధ్య మడుగులు ఉన్నాయి. ఆట చిన్నదే అయినా అందులోని ప్రమాదం మాత్రం అక్కడా ఇక్కడా ఒక్కటే.

మన వాగుల స్వభావం

మన ప్రాంతంలో ఎక్కువ భాగం నల్లరాయి, అంటే గ్రానైటు, నైసు జాతి శిలల మీద నిలిచింది. దాని మీద మొరం, చెలక మట్టి పలుచగా పరుచుకొని ఉంటుంది. పడమటగా జుక్కల్, మద్నూర్ దిక్కు పోతే నల్లరేగడి వస్తుంది. రాయి నీరు తాగదు. పగుళ్ళలోకి పోయినంత పోగా మిగిలిందంతా పల్లానికి దిగవలసిందే. అందుకే మన వాగులు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక దారుల్లా పడి ఉండి, వాన పడ్డ నాడు మాత్రం ఒక్కసారిగా లేస్తాయి.

ఎల్లారెడ్డి చుట్టుపక్కల వాగులన్నీ చివరకు మంజీరలోకే చేరుతాయి. మంజీర మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా మన రాష్ట్రంలోకి వచ్చి, కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. దాని మీద 1923 – 31 మధ్య నిజాంసాగర్ కట్టారు. దానికి ముందే మంజీర ఉపనది ఆలేరు మీద 1916 – 22 మధ్య పోచారం ప్రాజెక్టు కట్టారు. వీటికి తోడు ఊరూరా గొలుసుకట్టు చెరువులు ఉండనే ఉన్నాయి. ఒక చెరువు మత్తడి దుంకితే ఆ నీరు కింది చెరువుకు పోతుంది. ఈ గొలుసు సంగతి గుర్తుంచుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను. మొదటి ప్లానులో మేము మరచిపోయింది దీన్నే.

మొదటి ప్లాను

2025 ఆగస్టు 27, బుధవారం వినాయక చవితి. పూజ కాగానే ముగ్గురం మా ఊరి వాగులో దిగి పైకి నడవాలి. గుట్టల మధ్య ఇరుకు దాటినంక ఒక పెద్ద ఇసుక మేట ఉంది. రాత్రి అక్కడ పడుకొని గురువారం సాయంత్రానికి వాపసు రావాలి. నోటుబుక్కులో రెండు పేజీలు రాసుకున్నాం. అటుకులు ఎన్ని, పల్లీలు ఎన్ని, టార్చిలైటు ఎవరిది, ఫోను ఛార్జింగు పెట్టే బ్యాటరీ ఎవరు తేవాలి, అన్నీ ఉన్నాయి. పడుకునే చోటు దగ్గర నక్షత్రం గుర్తు కూడా పెట్టాం. వాగు పైభాగం గురించి మాత్రం ఒక్క అక్షరం లేదు.

చవితి ముందునాడు ఇంటికి పోయి నాయినకు చెప్పాను. ఆయన పశువుల కొట్టం దగ్గర దూడకు గడ్డి వేస్తున్నాడు. తల ఎత్తకుండనే అడిగాడు.

"వాగుకు పైన ఎన్ని చెరువులున్నయో ఎర్కేనా?"

"తెల్వది నాయినా."

"అవి నిండినయా లేదా?"

"తెల్వది."

"ఆ ఇరుకుల ఉన్నప్పుడు నీళ్ళొస్తే ఏ దిక్కు ఎక్కుతరు?"

నేను మాట్లాడలేదు.

"ఏం తెల్సని పోతున్నవ్ బిడ్డా మరి? మఖ కార్తె నడుస్తుంది. భూమి తాగేటంత తాగింది. ఇగ పడ్డ చుక్క పడ్డట్టే వాగులకు వస్తది. పోవద్దు."

నాకు చాలా కోపం వచ్చింది. ఇరవై ఏళ్ళు వచ్చినంక కూడా నాయిన వద్దన్నాడని స్నేహితులతో చెప్పడం నామోషీ అనిపించింది. అందుకని నాకు జ్వరం వచ్చిందని ఫోను చేశాను. దారి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కావడం వల్ల వాళ్ళిద్దరూ కూడా ఆగిపోయారు. ఆ జ్వరం అబద్ధమని ఈ సావనీర్ ద్వారానే మొదటిసారి ఒప్పుకుంటున్నాను. వారు మన్నింతురు గాక!

తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లాలో కొన్నిచోట్ల ఒక్కరోజులో 40 సెంటీమీటర్లకు మించి వాన పడింది. వాతావరణ శాఖ లెక్క ప్రకారం రోజుకు 20 సెంటీమీటర్లు దాటితేనే అతి తీవ్ర వర్షం. అంటే దానికి రెండింతలు. కామారెడ్డి పట్టణంలో కాలనీలు మునిగాయి. రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. ఎల్లారెడ్డి రోడ్డు తెగింది. నూరేళ్ళ పోచారం కట్ట మీదుగా నీరు పోతుంటే తెగుతుందేమోనని కింది ఊళ్ళ జనం రాత్రంతా మేలుకున్నారు. కట్ట నిలిచింది. మా పొలంలో అర ఎకరం వరి మీద మోకాలెత్తు ఇసుక మేట వేసింది. మోటారు స్టార్టర్ డబ్బా ఇప్పటికీ దొరకలేదు.

ఇంత వాన పడుతుందని మా నాయినకు తెలియదు. ఆయన జోస్యం చెప్పలేదు. మూడు ప్రశ్నలు అడిగాడు, మా దగ్గర జవాబు లేదని చూసి వద్దన్నాడు. సైన్సు చదివేవాళ్ళం అడగవలసిన ప్రశ్నలు అవే కదా అని తర్వాత సిగ్గుపడ్డాను. ఆ జవాబులు కాగితం మీద రాబట్టడం పెద్ద కష్టం కాదని కింది లెక్క చూస్తే తెలుస్తుంది.

నీటి లెక్క

ఒక చదరపు కిలోమీటరు నేల మీద 1 సెంటీమీటరు వాన పడితే 10,000 ఘనమీటర్ల నీరు అవుతుంది. ఒక ఘనమీటరు నీరు టన్ను బరువు. మా వాగులోని ఇరుకుకు పైన ఎంత నేల ఉందో సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటం మీద ట్రేసింగు కాగితం పెట్టి, తర్వాత గ్రాఫు కాగితం మీద గడులు లెక్కించి చూశాం. ఈ పటంలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. మాకు వచ్చిన జవాబు సుమారు 20 చదరపు కిలోమీటర్లు.

ఆ నేల మీద 10 సెంటీమీటర్ల వాన పడిందనుకుందాం. మొత్తం 20 లక్షల ఘనమీటర్లు. సగం ఇంకిపోయినా 10 లక్షలు మిగులుతాయి. అది 6 గంటల్లో దిగిపోతే సెకనుకు సగటున 46 ఘనమీటర్లు. మా ఇరుకు వెడల్పు 8 మీటర్లు. నీటి వేగం సెకనుకు 3 మీటర్లనుకుంటే లోతు దాదాపు 1.9 మీటర్లు వస్తుంది. అంటే మనిషి మునుగుతాడు. ఇది 10 సెంటీమీటర్ల వానకే, అదీ సగం నీటిని భూమి తాగితేనే. అంతకుముందే భూమి తడిసి ఉంటే తాగేది ఇంకా తక్కువ. "భూమి తాగేటంత తాగింది" అన్న మాటకు అర్థం ఇదే.

ఇక రెండవ లెక్క. తొడల లోతు నీటిలో నిలబడ్డ మనిషి ప్రవాహానికి అడ్డంగా ఇచ్చే వైశాల్యం సుమారు 0.3 చదరపు మీటర్లు. నీటి తోపుడు వేగం యొక్క వర్గానికి అనులోమంగా ఉంటుంది. సెకనుకు 2 మీటర్ల వేగం వద్ద ఆ తోపుడు దాదాపు 60 కిలోల బరువుకు సమానం. వేగం రెండింతలైతే తోపుడు నాలుగింతలై 240 కిలోలు అవుతుంది. నాకు ఈత వచ్చు కదా అనుకునేవారు ఈ అంకెను ఒకసారి చూడాలి.

మూడవ లెక్క కాలానికి సంబంధించింది. సెకనుకు 3 మీటర్లంటే గంటకు దాదాపు 11 కిలోమీటర్లు. గుండ్ల మీద ఎక్కుతూ దిగుతూ మనం నడిచేది గంటకు రెండు కిలోమీటర్లే. 9 కిలోమీటర్ల అవతల పడ్డ వాన గంటలోపే మన దగ్గరికి వస్తుంది. ఆ గంటలో మనం పోగలిగింది రెండు కిలోమీటర్లు. కావున వరదతో పరుగు పందెం లేదు. పక్కకు ఎక్కడమే దారి.

పైన మబ్బు లేకున్నా

ఇక్కడ ఒక ముఖ్య విషయం. మన నెత్తి మీద ఎండ కాస్తున్నా వాగు రావచ్చు. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని యాంటిలోప్ లోయలో పదకొండుగురు యాత్రికులు వరదలో చనిపోయారు. వాన పడింది అక్కడ కాదు, ఎగువన మైళ్ళ దూరంలో. వాళ్ళు నిలబడ్డది ఎడారిలో.

నీరు రావడానికి వాన కూడా అవసరం లేదు. 2014 జూన్ 8న హైదరాబాదు నుంచి విహారయాత్రకు పోయిన ఇంజనీరింగు విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది మధ్య రాళ్ళ మీద ఫోటోలు దిగుతున్నారు. పైనున్న లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీరు వచ్చింది. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. అంతా మన వయసు వాళ్ళు. మన పక్కనే మెదక్ జిల్లాలో ఏడుపాయల వనదుర్గ గుడి ఉంది. సింగూరు గేట్లు ఎత్తితే అక్కడ వాన లేకున్నా మంజీర గుడి ముందుకు వస్తుంది, గుడి మూసి అమ్మవారికి రాజగోపురం దగ్గర పూజలు చేస్తారు. అక్కడివారికి ఈ సంగతి తెలుసు కాబట్టి జాగ్రత్తపడతారు. కొత్తగా పోయినవాడికే తెలియదు.

రెండవ ప్లాను

సరిగ్గా నాలుగు నెలలకు, డిసెంబర్ 27, 28, శని ఆదివారాలు పోవాలని నిశ్చయించాం. ఈసారి నోటుబుక్కు మొదటి పేజీలో అటుకులు లేవు. ఏమేం రాశామో వరుసగా చెబుతాను.

1. కాలం: జూన్ నుంచి అక్టోబర్ వరకు ఇరుకు వాగులో దిగరాదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మార్చి దాటితే ఎండదెబ్బ భయం. డిసెంబరులో కూడా తుఫాను ముసురు ఉండవచ్చు కనుక వారం ముందునుంచి వాతావరణ శాఖ హెచ్చరికలు చూశాం. మన ఊరికే కాదు, వాగు పుట్టే దిక్కు కూడా చూడాలి.

2. పైభాగం: పటం మీద వాగుకు కలిసే ఒర్రెలు, చెరువులు గుర్తించాం. తర్వాత ఆ ఊళ్ళకు పోయి అడిగాం. పటంలో లేనివి రెండు తెలిశాయి. ఒక చెరువుకు ఆగస్టులో గండి పడిందనీ, ఒకచోట కొత్తగా చెక్‌డ్యాం కట్టారనీ గొర్రెలు కాసే తాత చెప్పాడు. పటం గీసినవాళ్ళు ఒకసారి చూసి పోతారు, గొర్రెల కాపరి రోజూ చూస్తాడు.

3. అనుమతి: పోచారం అభయారణ్యం సుమారు 130 చదరపు కిలోమీటర్లు. అందులోకి అటవీశాఖ అనుమతి లేకుండా పోరాదు. చిరుతలు, ఎలుగుబంట్లు ఉన్న అడవి అది. మేము అభయారణ్యం బయటి దారినే ఎంచుకున్నాం. అయినా గుండ్ల సందుల్లోకి టార్చి వేయకుండా చేయి పెట్టలేదు. బండల కింద కొండతేనె తుట్టెలుంటాయి కాబట్టి వాటి దగ్గర పొగ పెట్టలేదు, కేకలు వేయలేదు.

4. ఎక్కే చోట్లు: ఇరుకుకు రెండు పక్కలా ఎక్కడెక్కడ పైకి ఎక్కవచ్చో ముందే ఒకరోజు గట్టు మీదుగా నడిచి చూసి, పటంలో గుర్తులు పెట్టాం. ఒక గుర్తుకూ ఇంకొక గుర్తుకూ నడుమ పది నిమిషాల నడక మించరాదని నియమం. ఒకచోట అరగంట దూరం ఎక్కే దారే లేదు. ఆ ముక్క వదిలేసి గట్టు మీద నడిచాం.

5. తాడు: బావిలో బొక్కెన వేసే తాడు బొక్కెనకే. ఎంత బరువు ఆపుతుందో ఎవరూ పరీక్షించలేదు, బండ అంచుకు ఒరిస్తే తెగుతుంది. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు తన మోకును రోజూ తడిమి చూసుకుంటాడు, ఏళ్ళ తరబడి నేర్చుకున్న పని అది. మాకు ఆ విద్య లేదు. కాబట్టి "తిరిగి ఎక్కలేని చోట దిగరాదు" అన్నది మా సూత్రం. తాళ్ళతో దిగే లోయలకు నేర్పినవారి వెంటే పోవాలి.

6. నీరు, సద్ది: నడిచే మనిషికి చలికాలంలో కూడా రోజుకు మూడు, నాలుగు లీటర్లు కావాలి. లీటరు కిలో బరువు. ఐదేసి లీటర్లు మోసుకొని, మిగతాది ఇసుకలో చెలిమె తోడి తీసుకున్నాం. మొదట ఊరిన నీరు పారబోసి, తర్వాతి నీరు గుడ్డతో వడగట్టి కాచాలి. కాస్తే క్రిములు చస్తాయి గాని పొలాల మందులు పోవు. కనుక చెలిమె పొలాల కన్నా పైన తీయాలి. జొన్న రొట్టెలు, పల్లీలు, బెల్లం తీసుకుపోయాం.

7. చీటీ: ఇంట్లో ఒక చీటీ పెట్టాం. ఎవరెవరం, ఏ దారి, ఎక్కడ పడుకుంటాం, ఆదివారం ఎన్ని గంటలకు వస్తాం, రాకపోతే ఎన్నింటికి వెతకడం మొదలుపెట్టాలి, ఇవి రాశాం. గుట్టల మధ్య ఫోను పనిచేయదు. 2003 ఏప్రిల్ 26న ఆరన్ రాల్‌స్టన్ అనే అమెరికా యువకుడు యూటాలోని బ్లూజాన్ లోయకు ఒంటరిగా, ఎవరికీ చెప్పకుండా పోయాడు. బండ జారి కుడిచేయి ఇరుక్కుంది. ఎక్కడ వెతకాలో ఎవరికీ తెలియదు. ఐదు రోజుల తర్వాత తన చేయి తానే కోసుకొని బయటపడ్డాడు. ఒక చీటీ విలువ ఎంతో దీనివల్ల తెలుస్తుంది.

చింతచెట్టు కొమ్మ

శనివారం పొద్దున ఏడు గంటలకు బయలుదేరాం. పదకొండు గంటలకు ఇరుకు దాటాం. ఆగస్టులో నోటుబుక్కులో నక్షత్రం గుర్తు పెట్టుకున్న ఇసుక మేట కోసం చూశాను. అది లేదు. ఇసుకంతా పోయి కింద నల్లని బండ తేలింది. ఒడ్డున ఉన్న చింతచెట్టును బట్టి చోటు ఇదేనని గుర్తుపట్టాను. ఆ చెట్టు కొమ్మల్లో గడ్డి, ప్లాస్టిక్ పైపు ముక్క, ఎవరిదో చిన్నపిల్లల బొంత చిక్కుకొని ఉన్నాయి. తాడుకు రాయి కట్టి కొమ్మ మీదుగా వేసి కొలిచాం. బండ నుంచి పదమూడు అడుగులు.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఎగతాళి చేసే మిత్రుడే చివరకు అడిగాడు. "ఆ రోజు నీకు జ్వరం ఎంత వచ్చిందిరా?" నేను జవాబు చెప్పలేదు. వాడికి అప్పుడే అనుమానం వచ్చి ఉంటుంది.

ఆ రాత్రి వాగులో పడుకోలేదు. చెట్టు మీది చెత్త కంటే బాగా ఎత్తులో, గట్టు మీద చదునైన బండ చూసుకొని పడుకున్నాం. చలి బాగా ఉంది. పొద్దు గూకినంక ఆకాశం నిండా చుక్కలు. మిత్రుడు మన దిక్కు ఏమీ లేదనే మాట మళ్ళీ అనలేదు. ఆదివారం నాలుగు గంటలకు ఇల్లు చేరాం. చీటీలో రాసింది ఐదు గంటలు. నాయిన గడప ముందర కూర్చొని ఉన్నాడు, చీటీ చేతిలోనే ఉంది. "గంట ముందే వస్తిరి" అన్నాడు, అంతే.

ముగింపు

పాఠకులు గమనించగలరు. మా రెండు ప్లానుల్లోనూ మనుషులు వాళ్ళే, వాగు అదే, సద్ది కూడా ఇంచుమించు అదే. తేడా ఒక్కటే. మొదటిసారి మేము పోయే చోటును గురించి ఆలోచించాం. రెండవసారి నీరు వచ్చే చోటును గురించి ఆలోచించాం. ఎండిన వాగును చూసి అందులో నీరు లేదని అనడం సులువు. ఇప్పుడు లేదు, అంతవరకే నిజం. ఎప్పుడు, ఎక్కడి నుంచి వస్తుందో అడిగి తెలుసుకున్నాకే అందులో కాలు పెట్టాలి.

ఆ లెక్క మన ఫిజిక్సు పుస్తకంలో ఉంది. ఆ ప్రశ్న మన ఇళ్ళలో పెద్దవాళ్ళ దగ్గర ఉంది. రెండూ కలిపి చూసుకొని పోతే మన గుట్టలు, మన ఒర్రెలు చూడదగినవే. వచ్చే శీతాకాలం ఎవరైనా పోవాలనుకుంటే మా పటం, మా నోటుబుక్కు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం. అయితే పైనున్న చెరువుల సంగతి మాత్రం మీరే పోయి అడగాలి. అది ఏటేటా మారుతుంది.